ఉమ్మడి పుస్తకంలో మన పేజీ: తంతి ఆఫీసు నుంచి బ్రోట్లి దాకా

ఈ ఎపిసోడ్ ఒక ఫోల్డర్ పేరుతో మొదలుపెడతాను. మీరు ఫోన్‌లో ఏదో ఒక వెబ్ పేజీ తెరుస్తారు కదా, అది సర్వర్ దగ్గర కుదించబడి వస్తుంది, మీ బ్రౌజర్ దాన్ని విప్పుతుంది. ఆ కుదించే పద్ధతుల్లో ఈ రోజు బాగా వాడుకలో ఉన్నది బ్రోట్లి. గూగుల్ జ్యూరిక్ ఆఫీసులో యిర్కి అలకుయాలా, జోల్టాన్ సబాద్కా అనే ఇద్దరు చేశారు. దాని సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు. సి భాషలో రాసిన భాగం తెరిస్తే ముఖ్యంగా మూడు ఫోల్డర్లు కనిపిస్తాయి. ఒకటి ఎన్‌కోడర్‌ది, అంటే కుదించేది. ఒకటి డీకోడర్‌ది, విప్పేది. మూడోదాని పేరు కామన్. ఉమ్మడి. ఇద్దరికీ ఒకేలా తెలిసి ఉండాల్సిన నిర్వచనాలు, స్థిరాంకాలు, ఒక పెద్ద పదాల జాబితా అందులో ఉంటాయి.

బ్రోట్లి అంటే స్విస్ జర్మన్‌లో చిన్న బన్ను రొట్టె అండి. వాళ్ళ ఊరి బేకరీ సరుకు పేరు పెట్టుకున్నారు. మన కోనసీమలో ఎవరైనా చేసి ఉంటే ఆత్రేయపురం పూతరేకు పేరు పెట్టేవారు, కుదింపుకి అంతకన్నా మంచి పేరు ఏముంటుంది, అంత పల్చటి రేకులు అన్ని మడతలు. సరే, విషయానికి వద్దాం.

ఈ కామన్ ఫోల్డర్ వెనక చరిత్ర నూట యాభై ఏళ్ళ పైమాటే. అది కంప్యూటర్లతో మొదలవలేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట తంతి ఆఫీసుల్లో మన తాతలు దాన్ని వాడారు, పేరు తెలియకుండా.

ముందు చిన్న తేడా చెప్పుకోవాలి. కుదింపు రెండు రకాలు. ఫొటో పంపితే వాట్సాప్ దాన్ని చిన్నది చేసి పంపుతుంది, కొంత వివరం పోతుంది, అది మళ్ళీ రాదు. అది నష్టం ఉన్న కుదింపు. జిప్ ఫైలు అలా కాదు. విప్పితే ఒక్క బిట్ కూడా తేడా రాకూడదు. అది లాస్‌లెస్, నష్టం లేని కుదింపు. మన పాత టెలిగ్రాముల్లో రెండూ ఉన్నాయి. "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అనేది మొదటి రకం. ఏమైంది, ఎప్పటినుంచి, ఏ ఆసుపత్రి, అంతా పోయింది. నాలుగు పదాలు మిగిలాయి. పదానికి ఇంత అని డబ్బులు తీసుకునేవారు కాబట్టి జనం వాక్యాన్ని నరికేవారు. అందుకుని హైదరాబాదులోనో మద్రాసులోనో ఉన్న కొడుకు, గోదావరి రేవు దాటి ఇంటికి చేరేదాకా అసలు సంగతి తెలియక అల్లాడేవాడు. గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్న ఈ లంక నేలలో వంతెనలు రాకముందు మనిషి పడవ కోసం ఆగాల్సిందే, తంతి కబురు మాత్రం ఆగేది కాదు.

రెండో రకం పెళ్ళి శుభాకాంక్షల టెలిగ్రాం. కొంచెం పెద్దవాళ్ళకి బాగా గుర్తుంటుంది. తంతి తపాలా శాఖవాళ్ళ దగ్గర ఒక జాబితా ఉండేది, అంకెలు వేసిన శుభాకాంక్షల వాక్యాలు. దీపావళికి 1, రంజాన్ పండక్కి 2, ఇలాగ. నవదంపతుల మీద పైవాడి దీవెనలు కురవాలని చెప్పే పది ఇంగ్లీషు పదాల వాక్యానిది 16. అమలాపురంలో మీరు ఫారం మీద 16 అని రాస్తే, తీగ మీద వెళ్ళేది ఆ అంకె. పెళ్ళివారి ఊళ్ళో ఉన్న ఆఫీసు తన దగ్గరున్న జాబితాలో 16 చూసి, వాక్యం మొత్తం పూలబొమ్మలున్న కాగితం మీదకి ఎక్కించి ఇచ్చేది. మోర్స్‌లో లెక్క వేయండి. ఏ అంకెకైనా 5 గుర్తులు, చుక్కలూ గీతలూ కలిపి. రెండంకెలకి 10 గుర్తులు. యాభై పైచిలుకు అక్షరాల వాక్యం 10 గుర్తుల్లో వెళ్ళిపోయింది. అవతల ఒక్క అక్షరం తగ్గకుండా బయటికి వచ్చింది. నష్టం లేని కుదింపు అంటే ఇదే.

ఆ వాక్యం తీగ మీద వెళ్ళలేదు కదా, మరి అవతలికి ఎలా చేరింది? ముందే అక్కడ ఉంది. జాబితా అచ్చువేసి దేశంలోని ఆఫీసులన్నిటికీ ముందే పంపేశారు. ఖర్చు అంతా ముందే అయిపోయింది. తర్వాత జరిగేదల్లా వేలు పెట్టి చూపించడమే. ఉమ్మడి పుస్తకం అని నేను అంటున్నది దీన్నే.

చిన్నప్పుడు బడిలో అచ్చులు, హల్లులు నేర్చుకున్నాం కదా. ఆ మాటలు ఎక్కడివో తెలుసా? పాణిని వ్యాకరణానికి ముందుండే 14 చిన్న సూత్రాల నుంచి వచ్చాయి. ఫలానా అక్షరం నుంచి ఫలానా గుర్తు దాకా అన్నీ అనడానికి, మొదటి అక్షరం, చివరి గుర్తు కలిపి ఒక పొట్టి పేరు చేస్తాడు. అచ్ అంటే స్వరాలన్నీ. హల్ అంటే వ్యంజనాలన్నీ. 14 సూత్రాలు వచ్చినవాడికే ఆ పొట్టి పేరు విప్పడం వస్తుంది. మనకి సూత్రాలు రాకపోయినా పొట్టి పేర్లు మాత్రం మిగిలిపోయాయి, వాటికి తెలుగు ఉకారం తగిలించి వాడుకుంటున్నాం.

మళ్ళీ తంతి దగ్గరికి. మోర్స్ కోడ్ అనేదే ఒక ఉమ్మడి పట్టిక. 1844లో మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి సందేశం పంపాడు. ఇంగ్లీషులో ఎక్కువగా వచ్చే అక్షరానికి పొట్టి గుర్తు ఇవ్వాలన్నది ఆ పట్టిక వెనక ఆలోచన. అందుకే ఇంగ్లీషు అక్షరం ఈ కి ఒక్క చుక్క. మన దేశంలో 1850లో ఓషానెస్సీ కలకత్తా నుంచి డైమండ్ హార్బర్‌కి తీగ వేశాక వచ్చిన తంతి చాలావరకు ఆ పట్టిక మీదే నడిచింది. తెలుగు మాట పంపాలంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. "అమ్మకు బాగాలేదు వెంటనే రా" అనే వాక్యం ఇంగ్లీషు లిపిలో రాసి చూడండి. నేను రాసిన స్పెల్లింగులో ఏ అక్షరం 7 సార్లు వచ్చింది, ఈ 3 సార్లు. మన భాషకి ఎక్కువ కావాల్సింది ఏ. చవకైన చుక్క మాత్రం ఈ కి ఇచ్చారు. వాళ్ళ తప్పని నేను అనను, వాళ్ళ భాష చూసి వాళ్ళు చేసుకున్నారు. కాకపోతే పట్టిక తయారయ్యే రోజున గదిలో లేని భాష, తర్వాత ప్రతి సందేశానికీ కొంచెం కొంచెం ఎక్కువ కడుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, ఇవాళ్టి కథంతా దీని చుట్టూనే.

వ్యాపారస్తులు ఇంకో అడుగు వేశారు. 1873లో ఏబీసీ కోడ్ అనే పుస్తకం లండన్‌లో వచ్చింది. 1906లో బెంట్లీ కోడ్ వచ్చింది. సరుకు అందింది, ధర తగ్గించండి, ఓడ ఆలస్యం, ఇలాంటి వేల వాక్యాలకి ఒక్కో కోడ్ పదం. పాత కంపెనీల లెటర్‌హెడ్లు ఎప్పుడైనా చూశారా? చిరునామా పక్కన మేము వాడే కోడ్‌లు ఇవీ, ఏబీసీ ఐదో ఎడిషన్, బెంట్లీ, అని అచ్చువేసుకునేవారు. ఎడిషన్ నంబరుతో సహా! ఎందుకంటే నీ దగ్గర ఐదో ఎడిషన్, నా దగ్గర ఆరోది ఉంటే, నువ్వు "కొను" అన్నది నాకు "అమ్ము" అని అర్థం కావచ్చు.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో సరిగ్గా ఇదే జరిగింది. చిన్న చిన్న లాగ్ మెసేజ్‌లు కుదించడానికి జెడ్‌స్టాండర్డ్ అనే పద్ధతిలో సొంత డిక్షనరీ తయారుచేసి వాడేవారు. ఒక శుక్రవారం సాయంత్రం పంపే వైపు కొత్త డిక్షనరీ ఎక్కించారు. విప్పే వైపు సర్వర్లు సగానికి పైగా పాతదానితోనే ఉన్నాయి. రాత్రంతా వచ్చిన డేటా డిస్కు మీద భద్రంగా ఉంది, ఒక్క ముక్క చదవడానికి లేదు. అదృష్టం ఏమిటంటే ఆ పద్ధతిలో ప్రతి ప్యాకెట్ నుదుటి మీద డిక్షనరీ నంబరు రాసి ఉంటుంది, అచ్చం ఆ లెటర్‌హెడ్ లాగే. డిక్షనరీ సరిపోలడం లేదు అని ఎర్రర్ ఇచ్చింది గానీ తప్పుడు డేటా ఇవ్వలేదు. తంతి ఆఫీసులో 16కి బదులు 1 అందితే ఆ ఎర్రర్ కూడా రాదు. పెళ్ళికి దీపావళి శుభాకాంక్షలు వెళ్ళిపోతాయి.

కుదింపుకి ఉన్న అసలు బలహీనత ఇది. అనవసరం అనుకున్నదంతా తీసేస్తే, తప్పు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. మన కోనసీమ అగ్రహారాల్లో ఘనపాఠీలు సరిగ్గా దీనికి వ్యతిరేకం చేశారు. మూడు పదాల్ని 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అని తిప్పి తిప్పి 13 సార్లు పలుకుతారు. డేటా నాలుగు రెట్లు పెరిగింది. బదులుగా తప్పు దొర్లితే వెంటనే చెవికి తగులుతుంది. దాని మీద ఒక ఎపిసోడ్ విడిగా చేయాలి, ఇక్కడ ఆపేస్తాను.

కంప్యూటర్లలోకి వస్తే, 1952లో డేవిడ్ హఫ్‌మన్ ఎమ్ఐటీలో విద్యార్థిగా ఉండగా ఒక పద్ధతి రాశాడు. ఇచ్చిన డేటాలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, దానికి సరిపోయే కోడ్ పట్టిక అప్పటికప్పుడు తయారుచేయడం. మోర్స్‌లా ఒకే భాషకి కట్టిపడేయదు. తెలుగు ఇస్తే తెలుగుకి తగిన పట్టిక వస్తుంది. ఎంత న్యాయం! కానీ ఆ పట్టిక అవతలివాడికి ఎలా తెలుస్తుంది? డేటాతో పాటు పట్టిక కూడా పంపాలి. పెద్ద ఫైలైతే పర్వాలేదు. రెండు వాక్యాల సందేశమైతే సరుకు కన్నా సంచి బరువు ఎక్కువ. అందుకే జిప్ లోపల ఉండే డిఫ్లేట్ పద్ధతి రెండు దారులూ ఉంచింది. పట్టిక వెంట పంపొచ్చు, లేదా ముందే రాసిపెట్టిన స్థిర పట్టిక వాడొచ్చు. చిన్న సందేశాలు ఎప్పుడూ ఉమ్మడి పుస్తకం మీదే ఆధారపడతాయి.

చిన్న సందేశం అనగానే ఎస్సెమ్మెస్. ఇక్కడ మనకి జేబుకే తగిలింది.

ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. అక్షరానికి 7 బిట్లు చొప్పున 160 అక్షరాలు. ఆ 7 బిట్ల పట్టికలో 128 గదులు. ఇంగ్లీషు, పశ్చిమ యూరప్ భాషల గుర్తులున్న అక్షరాలు, గ్రీకు పెద్దక్షరాలు 10. తెలుగు సున్నా. మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం పెట్టినా మొత్తం సందేశం అక్షరానికి 16 బిట్ల పద్ధతికి మారిపోతుంది. 160 కాస్తా 70 అవుతుంది. ఆ 70లో గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కే. "అమ్మ" అంటే మనకి రెండక్షరాలు, దానికి నాలుగు.

2000 తర్వాతి రోజులు గుర్తు చేసుకోండి. రాజోలు, అమలాపురం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళినవాళ్ళు ఎంతమంది! ఇక్కడ అమ్మమ్మ దగ్గర పిల్లలు, అక్కడ తల్లి. ఫోన్ కాల్ ఖరీదు. మెసేజ్ చవక, కానీ లెక్క మెసేజ్‌కి ఇంత అని. తెలుగులో రాస్తే నాలుగు ముక్కలకే రెండో మెసేజ్ మొదలు. పైగా అవతలి ఫోన్‌లో తెలుగు ఫాంటు లేకపోతే డబ్బాలు డబ్బాలు. దాంతో అందరం ఇంగ్లీషు లిపిలో తెలుగు రాయడం అలవాటు చేసుకున్నాం. మన పిల్లలకి తెలుగు లిపి మీద అభిమానం లేదు, ఫ్యాషన్ కోసం ఇంగ్లీషులో కొడతారు అని పెద్దలు తిడుతుంటారు. నేను ఒప్పుకోను. కీప్యాడ్, ఫాంటు, ఈ పట్టిక, మూడూ కలిసి అటు నెట్టాయి. తాత తంతి ఫారం మీద ఇంగ్లీషు లిపిలో తెలుగు రాశాడు, మనవరాలు నోకియాలో అదే చేసింది.

తెలుగు బరువైన భాష, అందుకే ఎక్కువ చోటు కావాలి అనేవాళ్ళు ఉన్నారు. లెక్క చూద్దాం. మన పాత వాక్యమే, "అమ్మకు బాగాలేదు వెంటనే రా". తెలుగు లిపిలో ఖాళీలతో కలిపి 25 గుర్తులు. నేను ఇంగ్లీషు లిపిలో కొడితే 27. తెలుగే చిన్నది! కానీ ఎస్సెమ్మెస్‌లో తెలుగుకి 50 బైట్లు పడతాయి, ఇంగ్లీషు లిపికి 24. అదే వాక్యం వెబ్ పేజీలో యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులో 69 బైట్లు, ఎందుకంటే అక్కడ ప్రతి తెలుగు గుర్తుకీ 3 బైట్లు. బరువు భాషలో లేదు, పట్టికలో ఉంది.

ఈ సంగతి పట్టిక రాసేవాళ్ళకి తెలియకుండా పోలేదు. తర్వాత మొబైల్ ప్రమాణంలో జాతీయ భాషల పట్టికలు చేర్చారు. టర్కిష్, స్పానిష్, పోర్చుగీస్, ఆపైన పది మన దేశపు లిపులు. తెలుగు నంబరు 12. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచి ఇచ్చిన చోటు కూడా 128 గదులే, అంటే 7 బిట్లు. అంతకంతా సరిపోతుంది. మెసేజ్ మొదట్లో "ఇది 12వ పట్టిక" అని చెప్పడానికి 4 బైట్లు పెడితే చాలు, 70 బదులు 155 గుర్తులు పడతాయి. మన వాక్యం హెడర్‌తో కలిపి 27 బైట్లలో అయిపోతుంది, 50 అక్కర్లేదు.

మరి ఎందుకు అందలేదు మనకి? ఆండ్రాయిడ్ కోడ్‌లో ఆ తెలుగు పట్టిక ఉందండి, నేను తెరిచి చూశాను, అక్షరాలన్నీ వరసగా ఉన్నాయి. కానీ ఏ పట్టికతో పంపాలో వేరే సెట్టింగ్ చెప్పాలి, చెప్పకపోతే పాత పద్ధతే. ఆన్ చేయడానికి ఎవరైనా ఎందుకు భయపడతారో కూడా అర్థం చేసుకోవచ్చు. అవతలి ఫోన్‌కి 12వ పట్టిక తెలియకపోతే మామూలు ఇంగ్లీషు పట్టికతో విప్పుతుంది. అమ్మకు బాగాలేదు అన్నది పిచ్చి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తుంది. డబ్బాల కన్నా అధ్వాన్నం. పంపేవాడొక్కడు నేర్చుకుంటే సరిపోదు, అందుకునేవాళ్ళందరి దగ్గరా ముందే పుస్తకం ఉండాలి. తంతి శాఖ ఒకే శాఖ, ఒకే జాబితా అన్ని ఆఫీసులకీ పంచింది. ఫోన్లు చేసే కంపెనీలు పదులు, మోడళ్ళు వేలు. ఎవరు పంచాలి? 2016లో మన ప్రభుత్వం ఐఎస్ 16333 మూడో భాగం అనే ప్రమాణం తెచ్చి, ఫోన్లలో మన భాషలన్నీ చదవగలిగేలా ఉండాలంది. మంచి పనే. కానీ అప్పటికే జనం వాట్సాప్‌కి వెళ్ళిపోయారు. 2013 జూలైలో తంతి సేవే మూతపడింది, ఎస్సెమ్మెస్ ఓటీపీలకి మిగిలింది.

ఇప్పుడు బ్రోట్లి కామన్ ఫోల్డర్ దగ్గరికి వెళ్దాం. అందులో ఉన్న డిక్షనరీ 1,22,784 బైట్లు. 13,504 మాటలు, మాట ముక్కలు. వెబ్ పేజీల్లో తరచూ వచ్చే కోడ్ ముక్కలు కొన్ని, మనుషుల భాషల పదాలు కొన్ని. భాషలు ఆరు: ఇంగ్లీషు, స్పానిష్, చైనీస్, హిందీ, రష్యన్, అరబిక్. తెలుగు లేదు. 2011 జనాభా లెక్కల్లోనే మన దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు 8 కోట్ల 11 లక్షలు.

దీన్ని పెంచి చెప్పను. పెద్ద తెలుగు పేజీకి దీనివల్ల పెద్ద నష్టం లేదు. బ్రోట్లి వెనక్కి చూసి నేర్చుకుంటుంది. "ముఖ్యమంత్రి" అనే మాట ఒకసారి వచ్చాక, రెండోసారి "ఇందాకటిదే" అని చూపిస్తుంది. పైగా తెలుగు గుర్తులన్నిటికీ మొదటి బైటు ఒకటే, దాన్ని చాలా చవగ్గా కుదించేస్తుంది. ఇంకో మాట, బ్రోట్లి మొదట 2013లో వచ్చిందే ఫాంటు ఫైళ్ళు కుదించడానికి. వత్తులు, గుణింతాలు, వాటి కలయికలతో తెలుగు ఫాంటుకి బొమ్మలు ఎక్కువ, కాబట్టి ఆ పని వల్ల మనకి మేలే జరిగింది. దెబ్బ పడేది చిన్న వాటికి. చిన్న నోటిఫికేషన్, రెండు లైన్ల జవాబు. వెనక్కి చూడటానికి ఏమీ లేని చోట డిక్షనరీయే దిక్కు, ఆ డిక్షనరీలో మనం లేము.

చేర్చమని అడగొచ్చు కదా అంటారు. కుదరదు. 2016లో ఆర్ఎఫ్‌సీ 7932గా ఆ డిక్షనరీని బైటు బైటుగా అచ్చువేసి ఖాయం చేశారు. ప్రపంచంలోని ప్రతి బ్రౌజర్‌లో అదే ప్రతి ఉంది. ఒక్క పదం మార్చినా పాత డీకోడర్లన్నీ తప్పు చదువుతాయి. నేను చెప్పిన శుక్రవారం రాత్రి కథే, భూగోళం సైజులో.

వేరే దారి మాత్రం ఇప్పుడు తెరుచుకుంది. 2024 నుంచి క్రోమ్‌లో వెబ్‌సైట్ తన సొంత డిక్షనరీ పంపే ఏర్పాటు వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు సైట్ ఒక పుస్తకం ఇస్తుంది, బ్రౌజర్ దాచుకుంటుంది. తర్వాతి సారి నా దగ్గర ఈ పుస్తకం ఉందని దాని హ్యాష్ చెప్తుంది, అంటే ఎడిషన్ నంబరు అన్నమాట. ఆ పుస్తకంలో ఏముండాలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక తెలుగు వార్తల సైటు తన పాత వార్తల నుంచి "చేస్తున్నారు", "తెలిపారు", "నియోజకవర్గం" లాంటి ముక్కలు ఏరి పెట్టుకోవచ్చు. ఓపిక ఉన్న ఇద్దరు ఇంజినీర్లు మొదలుపెట్టగలిగే పని. పంపే వైపు, అందుకునే వైపు, రెండూ ఒకేసారి సర్దాలి, అంతే కష్టం.

వచ్చే ఎపిసోడ్‌లో నేను అలాంటి తెలుగు డిక్షనరీ ఒకటి తయారుచేసి, చిన్న సందేశాల మీద డిక్షనరీ లేకుండా ఎంత, ఉంటే ఎంత అని మీ ముందే కొలిచి చూపిస్తాను. ఈలోపు మీకో పని. మీ ఇంట్లో ట్రంకు పెట్టెల్లో, పెళ్ళి ఆల్బమ్ వెనక, పూలబొమ్మల శుభాకాంక్షల టెలిగ్రాం కాగితం ఏదైనా ఉంటే ఫొటో తీసి పంపండి. ముఖ్యంగా అమలాపురం, రాజోలు, కొత్తపేట ముద్ర ఉన్నవి. పేర్లు, చిరునామాలు మూసేసి పంపండి చాలు. ఉంటానండి, ఆయ్.